తైలవర్ణంలో జంతువుల బొచ్చు: ఎక్కడ గీయాలి, ఎక్కడ ఆగాలి

పెంపుడు కుక్క ఫోటో పంపి ఆయిల్ పెయింటింగ్ వేయించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికితే అలాంటి బొమ్మలు బోలెడు కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి ఒకటే జబ్బు. చిత్రకారుడు రోజుల తరబడి కూర్చుని సన్న కుంచెతో వేల గీతలు గీసి ఉంటాడు. కష్టం కనిపిస్తుంది, ఓపిక కనిపిస్తుంది, కుక్క మాత్రం కనిపించదు. మెడ ఎక్కడ తిరిగిందో, బొచ్చు కింద భుజం ఎక్కడుందో తెలియదు. ఒళ్లంతా ఒకే లావు గీతలు, ఒకే మెరుపు. చేతి నైపుణ్యానికి వంక పెట్టడానికేమీ ఉండదు. తప్పిందల్లా వరుస. చివర చేయాల్సిన పని మొదటే మొదలైంది.

కుక్క వెంట్రుక మందం సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతు కన్నా తక్కువే. ఎంత సన్నని రిగ్గర్ కుంచె (సన్న గీతలకు వాడే పొడవు వెంట్రుకల కుంచె) వాడినా ఆయిల్ రంగు గీత అంతకు కొన్ని రెట్లు లావుగానే పడుతుంది. పైగా చాలా బొమ్మల్లో కుక్క తల నిజం సైజు కన్నా చిన్నదిగా ఉంటుంది. కాబట్టి కాన్వాస్ మీద గీసిన ఒక్కో గీత ఒక పాయతో సమానం, కొన్ని డజన్ల వెంట్రుకలు కలిసిన పాయతో. ఈ సంగతి ఒప్పుకుంటే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. అన్నీ వేయడం ఎలాగూ కుదరదు గనక, ఏవి వేయాలి, ఏవి వదిలేయాలి అన్నదే ఇక మిగిలే ప్రశ్న.

ఫ్రెంచ్ చిత్రకారుడు షార్దాన్ (1699–1779) ఈ ప్రశ్నకు తేల్చిన జవాబును ఆయన స్నేహితుడు కొషాన్ రాసిపెట్టాడు. షార్దాన్‌కు ఒకసారి చచ్చిన కుందేలు ఒకటి దొరికింది. దాన్ని బొమ్మ వేయాలనుకున్నాడు. అంతకుముందు ఎవరెవరు కుందేళ్లను ఎలా వేశారో అదంతా మర్చిపోవాలని, కుందేలును వివరాలు కనిపించనంత దూరంలో పెట్టుకోవాలని నిర్ణయించుకున్నాడట. వెంట్రుకలు కనబడని దూరం నుంచి చూసినప్పుడు ఏం మిగులుతుందో అదే ఆయన వేయదలుచుకున్నది: పెద్ద ముద్దలు, వాటి రంగు, గుండ్రదనం, వెలుగునీడలు. ఆయన కుందేళ్ల బొమ్మల దగ్గరికి వెళ్లి చూస్తే గోధుమ, బూడిద రంగుల ముద్దలే ఎక్కువ. నాలుగడుగులు వెనక్కి జరిగితే అవే మెత్తటి బొచ్చు అవుతాయి.

దీనికి ఎదురు ఉదాహరణలు లేకపోలేదు. బొచ్చు అనగానే అందరికీ గుర్తొచ్చేది జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1502లో వేసిన కుందేలు. వియన్నాలోని ఆల్బెర్టినా మ్యూజియంలో ఉంది. అది తైలవర్ణం కాదు, నీటిరంగులతో వేసింది. అయినా బొచ్చు వేసేవాళ్లకు అదే పెద్దబాలశిక్ష. దాంట్లో వెంట్రుకలు నిజంగానే ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. కానీ జాగ్రత్తగా చూస్తే వాటి కింద మెత్తగా పరిచిన రంగు పొర ఒకటుంది. కుందేలు ఆకారం, వెలుగు పడే పక్క, నీడ పక్క, అన్నీ ఆ పొరలోనే తేలిపోయాయి. పైనున్న గీతలను చెరిపేసినా కుందేలు కుందేలుగానే ఉంటుందనిపిస్తుంది. ఇక నూనె రంగుల్లో అయితే, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న, ఫ్లెమిష్ చిత్రకారుడు వాన్ ఐక్ 1434లో వేసిన ఆర్నొల్ఫినీ దంపతుల చిత్రంలో వాళ్ల పాదాల దగ్గర ఒక చిన్న కుక్క ఉంటుంది. దాని బొచ్చు కూడా దాదాపు పోగు పోగుగా వేసిందే. ఆ చిత్రం ఓక్ చెక్క మీద, ఎత్తు 82 సెంటీమీటర్లు మాత్రమే. అంత చిన్న బొమ్మలో, అంత నున్నటి చెక్క మీద ఆ పని నప్పింది. అదే పద్ధతిని నాలుగడుగుల గరుకు కాన్వాస్ మీదికి తెస్తే గీత ప్రతి నేత పోగు దగ్గరా తెగిపోతుంది. పోగు పోగుగా వేసే ఉద్దేశం ఉంటే ముందు నున్నటి బోర్డు ఎంచుకోవాలి, లేదా కాన్వాస్ మీద జెస్సో (రంగుకు ముందు పూసే తెల్లటి పూత) రెండు మూడు సార్లు వేసి గరుకు కాగితంతో రుద్దుకోవాలి.

బొచ్చుకు దిక్కు ఉంటుంది. ముక్కు దగ్గర మొదలై నుదుటి మీదుగా వెనక్కి, మెడ దిగి, వెన్ను వెంట తోక దాకా, పక్కటెముకల మీద వెనక్కీ కిందికీ, కాళ్ల మీద నిట్టనిలువుగా కిందికి పోతుంది. రొమ్ము దగ్గర రెండు వైపుల నుంచి వచ్చిన ప్రవాహాలు కలుస్తాయి. కొన్నిచోట్ల సుడి తిరుగుతాయి. సంతలో ఎద్దును బేరమాడే రైతు ఎక్కడెక్కడ సుడులున్నాయో వెతికి మరీ చూస్తాడు. ఆయన లెక్కలు శకునాలకు సంబంధించినవి కావచ్చు గానీ, ఆ చూపు మాత్రం చిత్రకారుడికి కావలసిందే. నుదుటి సుడి తప్పిపోయిన ఆవు బొమ్మలో ఏదో తేడా ఉందని పశువుల మధ్య పెరిగిన మనిషికి వెంటనే తెలిసిపోతుంది. రంగు ముట్టుకోకముందే ఫోటో ప్రింటు మీద పెన్సిల్‌తో బాణం గుర్తులు వేసుకోవాలి. ఎక్కడ ఎటు వాలింది, ఎక్కడ ఎంత పొడవుంది అని. మూతి మీద బొచ్చు మరీ పొట్టిగా ఉంటుంది. ఆ తేడా చూపిస్తే చాలు, ముఖం సగం కుదిరినట్టే.

పొడవు బొచ్చు జంతువుకు పని మొదలుపెట్టే చోటు కూడా ముఖ్యమే. రెల్లుగడ్డితో ఇల్లు కప్పేవాళ్లు చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోతారు, పై వరుస కింది వరుసను కప్పుతుంది. బొచ్చు కూడా అలాగే. తోక వైపు నుంచి తల వైపుకు, కడుపు వైపు నుంచి వెన్ను వైపుకు వేసుకుంటూ రావాలి. తల దగ్గర మొదలుపెడితే ప్రతి పాయ కొసనూ తర్వాతి పాయ మొదలు తొక్కేస్తుంది. అప్పుడు బొచ్చు వెనక్కి దువ్వినట్టు కాకుండా అతికించినట్టు కనిపిస్తుంది.

అసలు పని నాలుగైదు పొరల్లో జరుగుతుంది. మొదటి పొర పల్చగా, టర్పెంటైన్ కలిపిన రా అంబర్ (మట్టి గోధుమ), కొంచెం అల్ట్రామెరీన్ (ముదురు నీలం). ఇందులో మూడే మూడు ఛాయలు చాలు: వెలుగు, మధ్య, నీడ. కళ్లు సగం మూసి చూస్తే ఈ దశలోనే అది ఏ జంతువో తెలియాలి. తెలియకపోతే పైన ఎన్ని వెంట్రుకలు వేసినా లాభం లేదు. రెండో పొరలో అసలు రంగులు కొంచెం చిక్కగా, వెడల్పు బ్రిసిల్ (గట్టి వెంట్రుకల) కుంచెతో, బాణం గుర్తుల దిక్కులోనే లాగుతూ వేయాలి. తడి ఆరకముందే రెండు ఛాయలు కలిసేచోట పొడి కుంచెతో మెల్లగా దువ్వాలి. మెత్తదనం పుట్టేది ఇక్కడే. ఆరిన రంగు మీద దాన్ని సాధించడం చాలా కష్టం.

మూడో దశను చాలామంది దాటేస్తారు. వెలుగు వెంట్రుకలు గీసే ముందు పాయల మధ్య సందులు వేయాలి. బొచ్చు దట్టంగా ఉన్నచోట పాయలు విడిపోయి లోపలి నీడ కనిపిస్తుంది. ఆ నీడలను ముదురు రంగుతో చిన్న చిన్న చీలికలుగా పెడితే, పక్కనున్న పాయ దానంతటదే పైకి లేస్తుంది. ఎలుగుబంటి లాంటి జంతువుకు దాదాపు మొత్తం పని ఇంతే. దాని నల్ల జూలులో వెలుగు వెంట్రుకలు వెతికి గీయాల్సిన అవసరం చాలా తక్కువ. రొమ్ము మీది తెల్లటి వంకీ, మూతి దగ్గరి లేత రంగు వదిలేస్తే మిగతాదంతా రెండు మూడు రకాల చీకటి.

ఆ తర్వాతే సన్న కుంచె. రంగును కుంచె కొస నుంచి సిరాలాగా జారేంత పల్చన చేసుకోవాలి, లేకపోతే గీత మధ్యలో ఆగిపోతుంది. కుదురు దగ్గర నొక్కి, కొస దగ్గరికి వచ్చేసరికి కుంచె గాల్లోకి లేచిపోవాలి. గీతలు పడాల్సిన చోట్లు మూడు: వెలుగు నీడలోకి తిరిగే మలుపు, ఒక పాయ ఇంకో పాయ మీద వాలిన చోటు, ఆకారం బయటి అంచు. నిండు వెలుగులో ఉన్న భాగంలో వెంట్రుకలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. నీడలో అసలు కనిపించవు. నీడ లోపల తెల్లటి వెంట్రుకలు గీయడం ఈ రకం బొమ్మల్లో ఎక్కువగా కనిపించే తప్పు. ఆ గీతలు నీడను పగలగొట్టి శరీరాన్ని చదునుగా చేస్తాయి. అప్పటికే గీసేసి ఉంటే తుడవాల్సిన పని లేదు. పూర్తిగా ఆరాక, నూనె కలిపిన పారదర్శకమైన అంబర్‌తో ఆ ప్రాంతం మీద గ్లేజ్ (కింది రంగు కనిపించేంత పల్చటి పొర) ఇస్తే గీతలు వెనక్కి పోతాయి, బొచ్చు లోతు కూడా పెరుగుతుంది. ఈ గ్లేజ్ వరం నీటిరంగుల వాళ్లకు ఇంత సులువుగా దొరకదు.

తడిగా ఉన్న రంగును గీరి కూడా వెంట్రుక తీయవచ్చు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ యువకుడిగా ఉన్నప్పుడు వేసుకున్న స్వీయచిత్రంలో, 1628 ప్రాంతానిది, తన ఉంగరాల జుట్టును కుంచె వెనక కొసతో తడి రంగులో గీరి చూపించాడు. మనిషి జుట్టుకు పనికొచ్చింది మేక గడ్డానికీ పనికొస్తుంది. కింది పొర ముందే వెలుగు రంగులో ఆరి ఉండాలి, అంతే.

చారల దగ్గర, మచ్చల దగ్గర ఎక్కువసేపు ఆగాలి. పులి పక్కల మీద చారలు నిలువుగా ఉంటాయి, వెంట్రుకలు మాత్రం వెనక్కి, తోక వైపుకు వాలి ఉంటాయి. కాబట్టి ఒకే చారకు రెండు అంచులు రెండు రకాలు. తల వైపు అంచులో నారింజ వెంట్రుకల కొసలు నలుపు మీదికి వస్తాయి. తోక వైపు అంచులో నల్ల వెంట్రుకల కొసలు నారింజ మీదికి పోతాయి. రెండు అంచులూ చీలికలుగానే ఉంటాయి, కానీ ఒకచోట నలుపు కిందుంటుంది, ఇంకోచోట పైనుంటుంది. చార ఎక్కడైనా వంగి వెంట్రుకల దిక్కుతో సమాంతరంగా సాగితే అక్కడ మాత్రం అంచు శుభ్రంగా, గీత గీసినట్టు ఉంటుంది. ఈ మూడు అంచులనూ వేరువేరుగా వేసిన పులికి చర్మం మీద పెయింటు పూసినట్టు కనిపించే బాధ తప్పుతుంది. పద్ధతి సులువే. నారింజ, నలుపు రెండూ తడిగా ఉండగా, శుభ్రమైన కుంచెతో అంచు మీద వెనక్కి ఒక్కో లాగు లాగి, ప్రతిసారీ గుడ్డతో తుడుచుకోవాలి. తుడవడం మర్చిపోతే నాలుగో లాగుకే బురద. నలుపు తెలుపు మచ్చల ఆవుకైనా, ఇంట్లో పిల్లికైనా ఇదే సూత్రం.

పొట్టి బొచ్చు జంతువుల సంగతి పూర్తిగా వేరు. గుర్రం, ఎద్దు, మన వీధికుక్క, వీటి బొచ్చు ఒంటికి అతుక్కుని ఉంటుంది. అక్కడ వేయాల్సింది కండ, నరం, మెరుపు. ఇంగ్లిష్ చిత్రకారుడు జార్జ్ స్టబ్స్ 1762 ప్రాంతంలో వేసిన విజిల్‌జాకెట్ అనే గుర్రం చిత్రం దాదాపు 3 మీటర్ల ఎత్తు, గుర్రం నిజం సైజు. వెనక నేల లేదు, ఆకాశం లేదు, ఒట్టి లేత రంగు. అంత పెద్ద గుర్రం మీద జూలు, తోక వదిలేస్తే వెంట్రుక అని చూపించగల గీతలు దాదాపు లేవు. అయినా చర్మం కింద నరాలు తెలుస్తాయి, వెలుగు ఒంటి మీద జారుతున్నట్టుంటుంది. స్టబ్స్ దీనికి ముందు లింకన్‌షైర్‌లోని హార్క్‌స్టో అనే పల్లెలో గుర్రాల కళేబరాలను నెలల తరబడి కోసి, పొర పొరగా బొమ్మలు గీసుకున్నాడు. 1766లో ఆ గీతలు పుస్తకంగా వచ్చాయి. బొచ్చు బాగా వేయాలంటే బొచ్చు కిందిది తెలియాలని ఆయన కన్నా గట్టిగా నిరూపించినవాళ్లు తక్కువ.

మెరుపు గురించి ఒక మాట. వెంట్రుక గుండ్రటి సన్న కడ్డీ. వేల కడ్డీలు పక్కపక్కన ఒకే దిక్కులో పడుకుంటే వాటి మీద పడ్డ వెలుగు వెంట్రుకల పొడవునా సాగదు, వాటికి అడ్డంగా ఒక పట్టీగా కనిపిస్తుంది. నూనె రాసి దువ్విన జడ మీద కూడా ఇదే చూడొచ్చు. బొమ్మలో మెరుపు పట్టీని ముందు అడ్డంగా పెట్టి, తర్వాత దాని రెండు అంచులను వెంట్రుకల దిక్కులో పొడి కుంచెతో లాగాలి. చాలామంది దీనికి తలకిందులుగా, ప్రతి వెంట్రుక మీదా ఒక తెల్ల గీత పెడతారు. అప్పుడు గుర్రం నిగనిగలాడదు, నెరిసినట్టు కనిపిస్తుంది.

రంగు విషయంలో తెలుపు, నలుపు రెండే పెద్ద పరీక్షలు. ఒంగోలు గిత్తనే తీసుకుంటే, బొచ్చు తెలుపు, చర్మం మాత్రం నలుపు. మూతి, కంటి చుట్టూ, గిట్టలు నల్లగా ఉంటాయి. కోడె అయితే మూపురం మీద, మెడ మీద బూడిద రంగు తిరుగుతుంది. బొచ్చు పల్చగా ఉన్నచోట లోపలి నలుపు నీలిబూడిదగా బయటికి తెలుస్తుంది. పాలెట్ మీద తెల్లరంగు ఎంత పోసుకున్నా ఈ జంతువు రాదు. ఎండలో నిలబడ్డ గిత్త వెన్ను మీద తెలుపులో చిటికెడు యెల్లో ఓకర్ (మట్టి పసుపు) ఉంటుంది. ఆకాశాన్ని చూసే నీడ భాగాలు అల్ట్రామెరీన్, బర్న్‌ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), తెలుపు కలిపిన నీలిబూడిద. గంగడోలు మడతల్లో, పొట్ట కింద నేల నుంచి ఎగిరొచ్చే వెలుగు. ఎర్రనేల అయితే అక్కడ నారింజ ఛాయ స్పష్టంగా ఉంటుంది, నల్లరేగడి అయితే అంత ఉండదు. అచ్చమైన టైటానియం వైట్‌ను మూపురం పైన, వెన్ను మీద రెండు మూడు చోట్లకు దాచిపెట్టుకోవాలి. నీడలను కొంచెం ముదురుగా వేసే ధైర్యం ఉన్నప్పుడే గిత్త తెల్లగా కనిపిస్తుంది.

నలుపుకు ట్యూబులోంచి తీసిన ఐవరీ బ్లాక్ ఒక్కటే పూస్తే కాన్వాస్‌లో చిల్లు పడినట్టుంటుంది. బర్న్‌ట్ అంబర్, అల్ట్రామెరీన్ కలిపిన నలుపులో అవసరాన్ని బట్టి వేడినీ చల్లదనాన్నీ మార్చుకోవచ్చు. చెరువులోంచి అప్పుడే లేచిన గేదె వెన్ను మీద కనిపించేది సగం ఆకాశమే. అక్కడ నీలం పెట్టడానికి భయపడనక్కర్లేదు. ఉడత, కుందేలు లాంటి వాటికి ఇంకో చిక్కుంది. వాటి ఒక్కో వెంట్రుక మీదే నలుపు, పసుపుగోధుమ పట్టీలు ఉంటాయి. దూరానికి అవి కలిసి ఏ ట్యూబులోనూ దొరకని బూడిద గోధుమగా కనిపిస్తాయి. ఒకే రంగు కలిపి పూయడం కన్నా, ముదురు పొర మీద ఓకర్ రంగును పొడి కుంచెతో తెంపులు తెంపులుగా రుద్దితే ఆ ఛాయ తొందరగా పట్టుబడుతుంది.

అంచుల గురించి ఎంత చెప్పినా తక్కువే గానీ, ముఖ్యమైనది ఒకటే. జంతువును పూర్తిగా ముగించి తర్వాత చుట్టూ బ్యాక్‌గ్రౌండ్ నింపకూడదు. అలా చేస్తే కత్తిరించి అంటించినట్టు ఉంటుంది. రెండూ కలిసి తడిగా ఉండగా వెలుగు వైపు అంచును కొంచెం తేటగా, నీడ వైపు అంచును బ్యాక్‌గ్రౌండ్‌లోకి కరిగిపోయేలా వేయాలి. వెనక నుంచి వెలుగు పడ్డప్పుడు మాత్రం అంచు వెంట్రుకలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. అప్పుడు సన్న కుంచెకు నిజంగా పండగే.

కుంచెల విషయానికొస్తే, విసనకర్రలా విచ్చుకున్న ఫ్యాన్ బ్రష్‌తో చకచకా బొచ్చు వచ్చేస్తుందని చాలా వీడియోలు చెబుతాయి. వస్తుంది, కానీ అన్నీ ఒకే దూరంలో, ఒకే పొడవులో వస్తాయి. నిజం బొచ్చు అంత క్రమశిక్షణతో ఉండదు. పాత ఫిల్బర్ట్ (కొస గుండ్రంగా ఉన్న చదును) కుంచె వెంట్రుకలను వేళ్లతో విడదీసి వాడితే ఇంతకన్నా మంచి ఫలితం. మన దేశంలో ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు ముంగిస వెంట్రుకల కుంచెలకు గిరాకీ ఎక్కువ. వాటికోసం ముంగిసలను చంపుతున్నారు గనక వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ వ్యాపారం నేరం. 2019లో ఆపరేషన్ క్లీన్ ఆర్ట్ పేరుతో దేశంలో పలుచోట్ల దాడులు కూడా జరిగాయి. ఒక జంతువు బొచ్చు వేయడానికి ఇంకో జంతువును చంపడం ఎలా చూసినా సమర్థించుకోలేనిది. మంచి నైలాన్ రిగ్గర్ ఆ పని చేసి పెడుతుంది.

ఫోటోల దగ్గర మొబైల్ ఫోన్ కొత్త చిక్కు తెచ్చింది. ఫోన్ కెమెరా నాయిస్ (ఫోటోలో పడే చుక్కలు) తగ్గించే పేరుతో నీడలో బొచ్చును ముద్ద చేస్తుంది, వెలుగులో ఉన్నదాన్ని అతిగా పదును చేసి ప్రతి వెంట్రుక చుట్టూ తెల్లటి అంచు పుట్టిస్తుంది. ఆ తెల్ల అంచు కుక్క మీద లేదు, సాఫ్ట్‌వేర్‌లో ఉంది. దాన్నే నమ్మకంగా కాపీ చేసిన బొమ్మలు ఎన్నో. ఫ్లాష్‌తో తీసిన ఫోటో అయితే అసలు వద్దనడమే మేలు, అందులో నీడలే ఉండవు. కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఒకే వైపు నుంచి వెలుగు పడేలా తీసిన ఫోటో అడగాలి.

నూనె రంగు ఆరడానికి తీసుకునే టైం ఈ పనిలో లాభమూ నష్టమూ. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, నీళ్లలా ఆవిరైపోదు. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది కాబట్టి త్వరగా ఆరుతుంది. ఐవరీ బ్లాక్ రోజుల తరబడి తడిగానే ఉంటుంది. వానాకాలంలో, కోస్తా తేమలో ఇంకా ఆలస్యం. మొదటి పొరలో నలుపు వాడకుండా అంబర్ వాడమనడానికి ఇదే కారణం. పై పొరలకు పోయేకొద్దీ నూనె పాలు పెంచాలి. దీన్ని తిరగేస్తే కొన్నేళ్లకు పగుళ్లు కనిపిస్తాయి.

ఇంతా చేశాక, ఆరిన బొమ్మలో ముదురు భాగాలు మసకబారి బూడిదగా కనిపిస్తే కంగారుపడి మళ్లీ నలుపు పూయకూడదు. అంబర్, నలుపు రంగుల్లోని నూనెను కింది పొర పీల్చుకోవడం వల్ల వచ్చే మసక అది. పూర్తిగా ఆరిన చోట మాత్రమే అవిసె నూనె, టర్పెంటైన్ కలిపి చాలా పల్చగా రుద్ది, మిగిలిందాన్ని గుడ్డతో తుడిచేస్తే అసలు లోతు తిరిగి వస్తుంది. అప్పుడు చూసి తేల్చుకోవాలి, ఇంకా వెంట్రుకలు కావాలా వద్దా అని. చాలాసార్లు అక్కర్లేదనే తేలుతుంది. చివరి వార్నిష్‌కు సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగాలి. బొమ్మ వేయించుకున్నవాళ్లు అన్నాళ్లు ఆగరు కాబట్టి రీటచ్ వార్నిష్ (తాత్కాలికంగా వేసే వార్నిష్) పల్చగా వేసి ఇచ్చి, అసలు వార్నిష్‌కు మళ్లీ ఒకసారి తెమ్మని డబ్బులు తీసుకునేటప్పుడే చెప్పేయడం మంచిది.